ఫ్లాట్ కొత్తది, బిల్డింగ్ పాతది: అమీర్‌పేట–యూసుఫ్‌గూడ అద్దె ఇళ్లలో ఏం మారుతోంది, ఏం మారడం లేదు

సంక్షిప్తంగా: హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మధురానగర్, యూసుఫ్‌గూడ పరిసరాల్లో పాతికేళ్లు దాటిన అపార్టుమెంట్లు ఒక్కో ఫ్లాటుగా రినోవేట్ అయి, పెద్ద అద్దెతో తిరిగి మార్కెట్లోకి వస్తున్నాయి. ఖర్చంతా గుమ్మం లోపల, అదీ కంటికి కనిపించే చోట పడుతోంది. నిలువు పైపులు, సంపు, టెర్రస్, డ్రైనేజీ లాంటి ఉమ్మడి భాగాలు పాతవే. అద్దె పెరిగినా లీకేజీలు, సన్నటి నీటి ధార, కరెంటు ట్రిప్పులు వదలకపోవడానికి మూలం ఈ తేడాయే.

టులెట్ బోర్డు మీద ‘న్యూలీ రినోవేటెడ్’ అని కనిపిస్తే ఆ ఇంట్లో ఏమేం మారాయో చెప్పే నిర్వచనం ఎక్కడా లేదు. గోడలకు రంగు వేసినా అదే మాట, బాత్రూం శ్లాబు దాకా తవ్వి కొత్త లైన్లు వేసినా అదే మాట. ఈ రెండు పనుల ఖర్చుకు రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది. అద్దెలో తేడా మాత్రం వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోతుంది. ఈ కాలనీల్లో జరుగుతున్నదంతా ఆ వెయ్యి రూపాయల చుట్టూ తిరుగుతోంది.

## మెట్రో తర్వాత మారిన లెక్క

ఎస్సార్ నగర్, వెంగళరావునగర్, మధురానగర్ మొదట్లో విడి ఇళ్ల కాలనీలు. 1980ల చివర్లో, 1990ల్లో 250–400 గజాల స్థలాలు డెవలప్‌మెంటుకు వెళ్లి, స్టిల్ట్ (పార్కింగ్ కోసం పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తు) మీద మూడు నాలుగు అంతస్తుల అపార్టుమెంట్లయ్యాయి. ఒక్కో దాంట్లో ఎనిమిది నుంచి పదహారు ఫ్లాట్లు. అదే కాలంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు పెరిగాయి. వాటికోసం వచ్చే వేలమంది కుర్రాళ్లతో హాస్టళ్లు, పోర్షన్లు నిండేవి. యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్ సినిమా పనివాళ్ల అడ్డా. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు స్టూడియోలకు దగ్గరగా ఉంటుందని అక్కడి గదుల్లో సర్దుకునేవారు.

2017 నవంబరులో మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మెట్రో నడిచింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్బీనగర్, 2019 మార్చిలో అమీర్‌పేట–హైటెక్ సిటీ, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా లైన్లు కలిశాయి. ఈ రెండు కారిడార్లు కలిసే స్టేషన్ అమీర్‌పేటే. యూసుఫ్‌గూడ స్టేషన్‌లో ఎక్కితే హైటెక్ సిటీ ఆరో స్టేషన్. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అద్దెలు భరించలేని ఉద్యోగికి ఇది వేరే ఊరు కాదు, పావుగంట దూరం.

కరోనా తర్వాత కోర్సుల్లో చాలా భాగం ఆన్‌లైన్‌కు మళ్లింది. కోచింగ్ కోసం ఏడాదికోసారి మారే అద్దెదారు తగ్గి, జీతం వచ్చే అద్దెదారు పెరిగాడు. ఇతను అడిగేవి వేరు: అటాచ్డ్ బాత్రూం, గీజర్, ఏసీ పాయింటు, మాడ్యులర్ కిచెన్, వైఫై, బండికి పార్కింగ్. 1992లో కట్టిన డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో ఇవేవీ లేవు. మొజాయిక్ గచ్చు, కడప బండ అరల వంటగది, ఇండియన్ టాయిలెట్, ఒక్కో గదికి ఒకే ప్లగ్ పాయింటు ఉండేవి. రినోవేషన్ పుట్టింది ఈ సందులోంచే.

## పనిని నిర్ణయించేది ఖాళీ నెల

వెయ్యి చదరపు అడుగుల పాత ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. ఇప్పుడు 16,000 అద్దె వస్తోందనుకుందాం. యజమాని ముందు రెండు దారులుంటాయి.

మొదటిది పైపై పని. లప్పం, రంగు, పాత గచ్చు మీదే కొత్త టైల్స్, హాల్లో ఫాల్స్ సీలింగ్, వంటగదికి కొత్త తలుపులు, బాత్రూంలో కొత్త కమోడ్, నల్లాలు. మూడు వారాల్లో రెండు లక్షల్లో అయిపోతుంది. అద్దె 21,000 అవుతుంది. నెలకు 5,000 అదనం, అంటే 40 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది.

రెండోది లోపలి పని. పై వాటితో పాటు బాత్రూంలు శ్లాబు దాకా తవ్వడం, వాటర్‌ప్రూఫింగ్, పైపులన్నీ మార్చడం, వైరింగ్ మొత్తం కొత్తది. ఐదు లక్షలు, తొమ్మిది వారాలు. అద్దె 22,000. మొదటి దారితో పోలిస్తే మూడు లక్షలు ఎక్కువ పెడితే నెలకు వచ్చేది 1,000. ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి 300 నెలలు, అంటే పాతికేళ్లు. అదనంగా ఆరు వారాలు ఇల్లు ఖాళీగా ఉండటం వల్ల పోయే అద్దె సరేసరి.

యజమానుల్లో ఎక్కువమంది మొదటి దారి పట్టడానికి దురాశ కన్నా ఈ లెక్కే పెద్ద కారణం. అద్దెకు వచ్చేవాళ్లు ఫోటోలు చూసి వస్తారు. గోడలో వైరు మందం ఫోటోలో పడదు. పన్ను లెక్క కూడా ఇటే తోస్తుంది. అద్దె ఆదాయంలో రిపేర్ల వగైరా కింద 30 శాతం తీసేస్తారు. రూపాయి ఖర్చు పెట్టకపోయినా ఆ 30 శాతమే, ఐదు లక్షలు పెట్టినా ఆ 30 శాతమే. యజమాని అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పని బంధువు చేతుల మీదుగా సాగుతుంటే పైపై పని వైపు మొగ్గు ఇంకా పెరుగుతుంది. వీడియో కాల్‌లో చూపించగలిగేది టైల్ మెరుపే.

## లప్పం కింద ఏముంది

పాత అపార్టుమెంట్లలో మొదట దెబ్బతినేవి బాత్రూం పక్క గోడలు, టెర్రస్ కింద శ్లాబు, కిటికీల మీది సజ్జలు. బాత్రూం శ్లాబును మిగతా ఇంటికన్నా 8 నుంచి 12 అంగుళాలు కిందికి దింపి కట్టి, ఆ గుంతలో ఇటుక ముక్కలు నింపి, పైన గచ్చు చేసేవారు. పాతికేళ్లలో టైళ్ల మధ్య సిమెంటు ఊడిపోతుంది, జాలి చుట్టూ సన్నటి సందు ఏర్పడుతుంది. స్నానం నీళ్లు రోజుకు కొంచెం చొప్పున ఇటుక ముక్కల్లోకి దిగి అక్కడే నిలుస్తాయి. ఆ గుంత ఒక చిన్న తొట్టిలా తయారవుతుంది. అందులోంచి చెమ్మ పక్క బెడ్‌రూం గోడలోకి ఎక్కుతుంది, కింది ఫ్లాటు కప్పులోకి దిగుతుంది. శ్లాబులోని చువ్వలకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, కాంక్రీటును లోపలి నుంచి తోసి పెచ్చులు ఊడేలా చేస్తుంది.

దీనికి సరైన చికిత్స ఒకటే. టైల్స్, నింపుడు అంతా తీసి శ్లాబు దాకా వెళ్లాలి. పగుళ్లను గ్రౌట్‌తో (పల్చటి సిమెంటు మాలుతో) నింపి, పైపులు శ్లాబును దాటే చోట ప్రత్యేకంగా మూసి, వాటర్‌ప్రూఫింగ్ పూతను నేల మీదే కాకుండా గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు వరకు ఎక్కించాలి. రెండు అంగుళాల నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, 48 గంటలు ఆగాలి. గీత దిగినా, కింది ఇంటి కప్పు తడిసినా పూత మళ్లీ వేయాలి. ఆ తర్వాతే నింపుడు, ఆ తర్వాతే టైల్స్. ఆరుదలతో కలిపి ఒక్కో బాత్రూంకు పది నుంచి పదిహేను రోజులు పడుతుంది. అదే పాత టైల్ మీద కొత్త టైల్ అంటించి సందుల్లో ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) నింపితే మూడు రోజులు. ఎపాక్సీ కొత్త నీళ్లు దిగకుండా కొంతకాలం ఆపుతుంది. అప్పటికే గుంతలో నిలిచిన నీళ్లకు, కారుతున్న పాత పైపుకు అది చేసేదేమీ లేదు.

టైల్ మీద టైల్ వేయడం దానంతట అది తప్పు పని కాదు. 9 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్, అడ్హెసివ్ (టైల్ అంటించే జిగురు) కలిసి చదరపు మీటరుకు సుమారు 25 కిలోలు. అదే పాత గచ్చు మీద రెండంగుళాల సిమెంటు మాలు పరిచి టైల్ వేస్తే 125 కిలోల దాకా వెళ్తుంది. నివాస గదుల శ్లాబుకు డిజైన్‌లో లెక్కించే జనం, సామాను భారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు మాత్రమే. హాల్లో అడ్హెసివ్‌తో వేసిన టైల్ వల్ల వచ్చే ఇబ్బంది తలుపులు కింద కోయాల్సి రావడం, అంతే. బాత్రూంలో మాత్రం నేల మట్టం పెరిగి గడప ఎత్తు తగ్గుతుంది, స్నానం నీళ్లు గదిలోకి వస్తాయి.

చెమ్మ గోడను గుర్తించడానికి పరికరాలు అక్కర్లేదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ను గోడకు ఆనించి పక్కగా వెలుగు పడేలా పట్టుకుంటే ఎక్కడెక్కడ అతుకులు వేశారో నీడల్లో తెలిసిపోతుంది. స్కర్టింగ్ పై నుంచి అడుగు ఎత్తు వరకు, బాత్రూం గోడకు అవతలి వైపు, అల్మరా లోపల చూడాలి. తెల్లటి పొడి లాంటి చౌడు చేతికి అంటితే గోడలో ఇంకా నీరు కదులుతున్నట్టే. తడి గోడ మీద వేసిన లప్పం మొదటి వానాకాలానికే ఉబ్బి పొరలుగా లేస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష కింది అంతస్తు వాళ్లను వాళ్ల బాత్రూం కప్పు గురించి అడగడం. పై ఇంట్లో ఏం చేశారో కింది ఇంటి కప్పు చెబుతుంది.

ఫాల్స్ సీలింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పై అంతస్తు ఫ్లాటులో, లేదా పై ఇంటి బాత్రూం కిందికి వచ్చే గదిలో ఫాల్స్ సీలింగ్ ఉంటే అది అలంకారమా, మరక మూతా అన్న అనుమానం సహేతుకం. అందులో బిగించిన లైట్లలో ఒక దాన్ని తీయించి పైకి చూస్తే శ్లాబు కనిపిస్తుంది.

వంటగదిలో పాత కడప బండ అరలు చూపుకు మొరటుగా ఉన్నా, నీళ్లకు చెడేవి కావు. వాటిని తీసి పార్టికల్ బోర్డుతో మాడ్యులర్ కిచెన్ పెడితే, సింకు కింది అర ఏడాది తిరక్కముందే ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తట్టుకుంటుంది గానీ ధర ఎక్కువ. కొందరు మేస్త్రులు సింకు కింద పాత బండ అరను అలాగే ఉంచి, ముందు మాత్రం కొత్త తలుపులు బిగిస్తారు. అద్దె ఇంటికి ఇంతకన్నా తెలివైన పని లేదు.

## రెండు బాత్రూంలు మూడైతే

షేరింగ్‌కు ఇచ్చే ఫ్లాట్లలో ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూం కావాలి. స్టోర్ రూమో పూజ గదో మూడో బాత్రూం అవుతుంది. కానీ డ్రైనేజీ షాఫ్ట్ (నిలువు పైపులు దిగే సందు) ఇంటికి అవతలి వైపు ఉంటుంది. టాయిలెట్ నుంచి వచ్చే నాలుగంగుళాల పైపుకు 1:40 వాలు ఇస్తే, పన్నెండు అడుగుల దూరానికి మూడున్నర అంగుళాలకు పైగా దిగాలి. పైపు మందం, వాలు, పైన గచ్చు కలిపితే నేలను ఎనిమిది అంగుళాలు లేపక తప్పదు. అందుకే కొత్త బాత్రూంలోకి మెట్టెక్కి వెళ్లాల్సి వస్తుంది. ఆ ఎనిమిది అంగుళాలు ఇటుక ముక్కలతో నింపితే చదరపు మీటరుకు 350 కిలోలు దాటే భారం, ఆ లెక్కే లేని శ్లాబు మీద పడుతుంది. తేలికపాటి ఏఏసీ బ్లాకుల ముక్కలతో నింపితే ఇది సగానికన్నా తగ్గుతుంది. వాలు తగ్గించి నేల ఎత్తు మిగుల్చుకుంటే పైపు తరచూ జామవుతుంది.

బాల్కనీని గదిలో కలపడం ఇంకో అలవాటు. బాల్కనీ ఒక వైపే ఆధారం ఉన్న శ్లాబు. దాని అంచున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పైదాకా కడితే మీటరు పొడవుకు సుమారు 600 కిలోలు పడతాయి. అంచున పడే బరువు ఆధారం దగ్గర పడే బరువులాంటిది కాదు. దూరం పెరిగేకొద్దీ శ్లాబును వంచే బలం పెరుగుతుంది. అల్యూమినియం ఫ్రేము, అద్దంతో మూస్తే బరువు అందులో చిన్న వంతు. లోపలి గోడలు తీసే విషయంలోనూ జాగ్రత్త అవసరం. పిల్లర్లు, బీములు ఉన్న కట్టడంలో నాలుగున్నర అంగుళాల అడ్డగోడ మోసేదేమీ ఉండదు. కానీ యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్ లోపలి వీధుల్లో పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీదే శ్లాబు వేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ గోడ తీయడమంటే ఆధారాన్నే తీయడం.

## కరెంటు: తీగ మందం, మీటరు సంఖ్య

రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఒక ఇండక్షన్ స్టవ్ ఒకేసారి నడిస్తే 9 కిలోవాట్లు దాటుతుంది. సింగిల్ ఫేజ్‌లో అది 40 ఆంపియర్లు. 1992 నాటి వైరింగ్ ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ కోసం వేసినది. సాధారణంగా లైట్లకు 1.5, పదహారు ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్‌లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రతి ఏసీకీ గీజర్‌కూ బోర్డు నుంచి విడి లైను వేయాలి.

పైపై పనిలో జరిగేది వేరు. స్విచ్‌బోర్డులు కొత్తవి వస్తాయి, వెనక తీగలు పాతవే ఉంటాయి. గీజర్ వేయగానే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంటే, ఎలక్ట్రీషియన్ 16 తీసి 32 ఆంపియర్లది బిగిస్తాడు. ట్రిప్పులు ఆగిపోతాయి. కానీ 2.5 తీగ గోడలోని పైపులో మోయగలిగేది 20 ఆంపియర్ల చుట్టుపక్కలే. ఎంసీబీ పడాల్సిన చోట పడకపోతే వేడెక్కేది తీగ. అద్దెదారు చూడాల్సింది మూడే: బోర్డులో ఎంసీబీల మీద రాసిన అంకె, దానికి వెళ్లే తీగ మందం, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉందా లేదా. ఆర్సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే కరెంటు పోవాలి.

మీటర్ల సంగతి డబ్బుకు సంబంధించినది. ఒక ఫ్లాటును రెండు పోర్షన్లుగా చీల్చి ఒకే మీటరు మీద నడిపితే ఏమవుతుందో చూద్దాం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం, నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే మొదటి 200 యూనిట్లకే 5.10, తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. రెండు కుటుంబాలు వేర్వేరు మీటర్ల మీద 180 యూనిట్ల చొప్పున వాడితే ఒక్కొక్కరికి 724, ఇద్దరికీ కలిపి 1,448 రూపాయలు. అదే 360 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 2,330. స్థిర చార్జీలు వగైరా కాకుండానే 882 రూపాయల తేడా, వాడిన కరెంటు ఒకటే అయినా. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితం పొందే రేషన్ కార్డు కుటుంబం ఇలాంటి పోర్షన్‌లోకి మారితే ఆ లబ్ధి కూడా పోతుంది. సబ్‌మీటరు పెట్టి ‘యూనిట్‌కు ఇంత’ అని వసూలు చేసేచోట ఈ తేడా ఎవరి మీద పడుతోందో ముందే అడిగి తేల్చుకోవాలి.

## నీళ్లు: లోపల కొత్త పైపు, బయట పాత పైపు

టెర్రస్ మీది ట్యాంకు నుంచి ఫ్లాట్లకు దిగే నిలువు పైపు చాలా చోట్ల జీఐ (జింకు పూత ఇనుము) పైపే. బోరు నీటిలోని లవణాలు, లోపలి తుప్పు కలిసి అంగుళం పైపును లోపల వేలు కూడా దూరని రంధ్రంగా మారుస్తాయి. రినోవేషన్‌లో గుమ్మం లోపలి లైన్లు సీపీవీసీ ప్లాస్టిక్ పైపులతో మారతాయి, రెయిన్ షవర్ వస్తుంది, ధార మాత్రం పాత సన్నటిదే. అప్పుడు ప్రెషర్ పంపు బిగిస్తారు. అది నిలువు పైపులోని నీటిని తన వైపు లాక్కుంటుంది, కింది అంతస్తు వాళ్ల నల్లా ఇంకా సన్నబడుతుంది, పాత జాయింట్లు కారడం మొదలవుతుంది. ఫ్లాటు బాగుపడ్డకొద్దీ బిల్డింగ్ అలసిపోయే తీరు ఇక్కడ కళ్లకు కడుతుంది.

జనం పెరగడం ఇంకో వైపు. తలసరి రోజుకు 135 లీటర్ల లెక్కన పన్నెండు ఫ్లాట్లలో నలుగురు చొప్పున ఉంటే రోజుకు 6,480 లీటర్లు. షేరింగ్ వల్ల ఆరుగురు చొప్పున అయితే 9,720. జలమండలి (నగర నీటి బోర్డు) నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట సంపు రెండు రోజులకు సరిపోవాలి. అంటే 13 వేల లీటర్లు పట్టే సంపు స్థానంలో 20 వేలది కావాలి. స్టిల్ట్ కింద సంపు పెంచే వీలు ఉండదు కాబట్టి తేడా ట్యాంకర్లతో తీరుతుంది. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం ఇంటికి నెలకు 20 వేల లీటర్లు. నలుగురి కుటుంబం అందులో సర్దుకుంటుంది. ఆరుగురుంటే నెలకు 24,300 లీటర్లు. దాటిన నీటి బిల్లును ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచడంతో, తక్కువ మంది ఉన్న ఇళ్లవాళ్లు ఎక్కువ మంది ఉన్న ఇళ్ల నీళ్లకు డబ్బు కడుతున్నారు. అపార్టుమెంటు మీటింగుల్లో బ్యాచిలర్ల మీద వినిపించే కోపంలో పెద్ద భాగం ఈ నీటి లెక్కదే. ఫ్లాటుకు ఇంత అని కాకుండా మనిషికి ఇంత అని మెయింటెనెన్స్ వసూలు చేస్తే చాలావరకు తగ్గుతుంది.

వానాకాలంలో ఇంకో సమస్య వస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో చాలా వీధుల్లో రోడ్డు స్టిల్ట్ కన్నా ఎత్తయింది. కృష్ణానగర్ లోతట్టు వీధుల్లో గట్టి వాన పడితే నీళ్లు గేటు దాటి లోపలికి వస్తాయి, సంపు మూత దగ్గర మురికి నీళ్లు కలుస్తాయి. సంపు మూతను అడుగు ఎత్తు లేపి కట్టించడం చిన్న పని, ఏ ఒక్క ఫ్లాటు రినోవేషన్‌లోనూ చేరని పని.

## ఎవరి ఆస్తి, ఎవరి బాధ్యత

అపార్టుమెంటు చట్టం 1987 నాటిది. ఫ్లాటు యజమానికి ఉండేది గోడల లోపలి భాగం, దానితో పాటు స్థలంలో, ఉమ్మడి భాగాల్లో అవిభాజ్య వాటా. నిలువు పైపు, టెర్రస్, సంపు అందరివీ. పాత బిల్డింగుల్లో కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకు దాచే ఉమ్మడి నిధి) పెట్టుకున్నవి అరుదు. నెలనెలా వచ్చే మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, మోటారు కరెంటుకు, ఊడ్పుకు సరిపోతుంది. పెద్ద ఖర్చు వచ్చినప్పుడు యజమానుల్లో సగం మంది ఊళ్లో ఉండరు. మెయింటెనెన్స్ కట్టే అద్దెదారుకు ఓటు లేదు, ఓటు ఉన్న యజమానికి కారే కప్పు కింద పడుకోవాల్సిన అవసరం లేదు.

ముంబై పాత నగరంలో 1969కి ముందరి భవనాల నుంచి రిపేరు సెస్సు వసూలు చేసి, ప్రత్యేక బోర్డు ద్వారా మరమ్మతులు చేయించే ఏర్పాటు ఉంది. దాని లోపాలు దానికున్నా, బిల్డింగ్ మొత్తానికి ఒక బాధ్యుడు ఉన్నాడు. జర్మనీ ఇంకో దారి పట్టింది. అక్కడ రిపేరు వేరు, ఆధునికీకరణ వేరు. పాడైన దాన్ని బాగుచేసిన ఖర్చును అద్దెలో కలపకూడదు. కొత్త సౌకర్యానికి పెట్టిన ఖర్చులో 8 శాతం వరకే ఏడాది అద్దెకు చేర్చాలి. 2019కి ముందు ఇది 11 శాతం ఉండేది. హైదరాబాద్‌లో ఇలాంటి విభజన లేదు. కారుతున్న పైపు మార్చినా, గోడకు డిజైనర్ రంగు వేసినా రెండూ ‘రినోవేషన్’ పేరుతో అద్దెలో కలుస్తాయి.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఉన్నా, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఈ కాలనీల్లో ఆ అద్దెకు గది కూడా రాదు. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అగ్రిమెంటులో రాసుకున్న మాట. ఎక్కువమంది పదకొండు నెలలకే రాసుకుంటారు. అంటే ప్రతి పదకొండు నెలలకూ అద్దె మళ్లీ బేరానికి వస్తుంది. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు. యజమాని చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే, అద్దెదారు చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చని ఇదే చట్టంలోని 108వ సెక్షన్ చెబుతోంది. అయితే ‘చేయాల్సిన రిపేరు’ ఏదో అగ్రిమెంటులో ఉండాలి. సీపేజీ, ప్లంబింగ్, వైరింగ్ యజమాని బాధ్యత అని ఒక్క వాక్యం రాయించుకుంటే సగం తగాదాలు ముందే తీరతాయి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలలకు పరిమితం చేసింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది.

## పెయింటింగ్ చార్జీ అనే చిక్కు

హైదరాబాద్‌లో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దెను పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి కోయడం ఆనవాయితీ. పాత 16,000 ఇంటికి అది 16,000. రినోవేట్ చేసిన ఇంటికి 21,000. గోడలు అవే, రంగు డబ్బాలు అవే, కోత మాత్రం అద్దెతో పాటు పెరిగింది. పైగా తడి గోడ మీద వేసిన లప్పం ఊడితే ఆ నష్టం అద్దెదారు ఖాతాలో పడుతుంది. చట్టం ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెదారు బాధ్యత కాదు. అది నిరూపించాలంటే చేరిన రోజు తీసిన ఫోటోలు, వీడియో కావాలి: ప్రతి గోడ, ప్రతి కప్పు, సింకు కింద, ఎంసీబీ బోర్డు, మీటరు రీడింగు. ఆ రోజే యజమానికి వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా సాక్ష్యం నిలుస్తుంది.

## ఎవరు వెళ్తున్నారు, ముందు ఏముంది

అద్దె 16 నుంచి 21 వేలకు ఎక్కితే మొదట కదిలేది రోజు కూలి మీద బతికేవాళ్లు. కృష్ణానగర్ లైట్‌మన్‌కు షూటింగ్ ఉదయం ఐదింటికి. బస్సు లేని ఆ వేళకు స్టూడియోకు చేరాలంటే దగ్గరలోనే ఉండాలి. అతను బోరబండ వైపు జరిగితే అద్దెలో మిగిలింది ఆటోకు పోతుంది. తర్వాత కదిలేది పిల్లల చదువు కోసం త్రిబుల్ బెడ్‌రూం తీసుకున్న కుటుంబాలు. అదే ఫ్లాటును గదికొకరికి, ఇద్దరికి ఇస్తే వచ్చే మొత్తంతో ఒక్క కుటుంబం పోటీ పడలేదు. వీధిలో కిరాణా కొట్టు స్థానంలో కర్రీ పాయింటు, టిఫిన్ సెంటరు స్థానంలో కేఫ్ వస్తున్నది ఇందుకే.

యజమానుల్లో చాలామంది చూపు రీడెవలప్‌మెంటు మీద ఉంది. ఎప్పటికైనా బిల్డర్‌కు ఇస్తాం, అప్పటిదాకా ఐదారేళ్లు గడిస్తే చాలన్న ఆలోచన పైపై పనులకు ఇంకో కారణం. కానీ పన్నెండు మంది యజమానులు ఒక్క మాట మీదికి రావడానికి ఐదారేళ్లు చాలడం లేదు. ఈలోగా టెర్రస్, పైపులు, చువ్వలు తమ పాటికి తాము చెడుతూనే ఉంటాయి.

వీలున్న పని ఒకటుంది. ఒకే షాఫ్ట్ మీద ఒకదాని కింద ఒకటిగా మూడు నాలుగు బాత్రూంలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి రినోవేషన్ కోసం తవ్వినా, ఆ వారమే షాఫ్ట్‌లోని నిలువు పైపులు పై నుంచి కింది దాకా మార్చుకోవచ్చు. ఒకటి రెండు రోజులు మిగతావాళ్లు ఆ బాత్రూం వాడకుండా ఉంటే సరిపోతుంది, ఖర్చు అందరి మధ్యా వాటాలవుతుంది. ఫ్లాటు ఖాళీ కాబోతోందని తెలిసిన రోజే అసోసియేషన్ గ్రూపులో చెబితే దీనికి టైమ్ దొరుకుతుంది. టైల్స్ అంటించేశాక మళ్లీ పగలగొట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, ఆ షాఫ్ట్ తలుపు మళ్లీ తెరుచుకునేది తర్వాతి అద్దెదారు ఖాళీ చేసినప్పుడే.